మజ్జిగ స్టాపు

అచ్చాయమ్మ నిలబడితే అది బస్టాపు, లేకపోతే వట్టి రోడ్డు. రాజమహేంద్రవరంలో మా పేట బస్టాపు గురించి ఇంతకంటే ఖచ్చితంగా చెప్పడం నా వల్ల కాదు. మలుపు తిరిగిన బస్సు డ్రైవరు ముందు ఆవిడ గంప కోసం చూస్తాడు. గంప కనిపిస్తే బ్రేకు మీద కాలు పెడతాడు. కనిపించకపోతే, మిగిలినవాళ్ళం ఎంతమందిమి చేతులూపినా, దోమల్ని తోలుకుంటున్నామనుకుని వెళ్ళిపోతాడు.

ఒకప్పుడు అక్కడ షెల్టరు ఉండేది. రొయ్యల చెరువుల ఆసామి మాధవరాజు గారు కాలం చేశాక, కొడుకు శ్రీనివాసరాజు గారు తండ్రి పేరు మీద కట్టించారు. స్తంభానికి పాలరాతి పలక కూడా వేయించారు. కండక్టర్లు "మాధవరాజు గారో!" అని కేకేస్తే జనం దిగేవారు. పోయినవాళ్ళ పేరు రోజూ అంత గట్టిగా పిలిచే ఏర్పాటు గొప్ప గొప్ప రాజులకు కూడా దొరకలేదు. వాళ్ళు శాసనాలు చెక్కించుకుని ఊరుకున్నారు. ఆ శాసనాలు చదవడానికి ఇప్పుడు నాలాంటి పనిలేనివాళ్ళు తప్ప ఎవరూ వెళ్ళరు.

తర్వాత ఒక తుఫానుకు కప్పు రేకులు ఎగిరి పక్కవీధిలో పడ్డాయి. అక్కడివాళ్ళు వాటిని గేదెల పాకకు కప్పుకున్నారు. బెంచీ రాయి రెండు ముక్కలైంది. పెద్ద ముక్క ఎవరింటి చాకిరేవు రాయి అయిందో పేటలో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఒక స్తంభం లారీ తగిలి పక్కకు ఒరిగింది. మిగిలిన చోట ఫ్లెక్సీలు వెలిశాయి. మా పేటలో నాయకులు రోజుకొకరు పుడుతుంటారు. పుట్టినవాడల్లా చేతులు జోడించి ఆ షెల్టరుకు అడ్డంగా నిలబడతాడు. వెనకున్న మనకు బస్సు కనపడదు, బస్సుకు మనం కనపడం. రిటైరైన గుమస్తా త్రిమూర్తులు గారు మాత్రం ఫ్లెక్సీల పక్షమే. "పొద్దున్నపూట ఆ గడ్డం కింద కాస్త నీడ పడుతుందండి. ఆయన మనకి చేసిన మేలు అదొక్కటేనండి. అదీ వద్దంటే ఎలాగండి?" అంటారు.

ఎదురుచూడడం గురించి ఒక ముక్క చెప్పాలి. సామర్లకోట స్టేషనులో రైళ్ళ కోసం కూర్చున్నాను, పట్టిసీమ రేవులో పడవ కోసం ఇసకలో గొంతుక్కూర్చున్నాను. రేవు పద్ధతి వేరు. గట్టు మీద మనిషి తల కనపడితే చాలు, పడవవాడు గెడ దించేసి ఆగుతాడు. బస్సు అలా కాదు, మనిషిని చూశాకే దానికి తొందర పుడుతుంది. అచ్చాయమ్మ రేవులో పుట్టి రేవులో పెరిగిన మనిషి. తండ్రిది వల, మొగుడు పోతురాజుదీ వలే. అందుకని బస్సు ఆగకపోవడమనేది ఆవిడకు చిరాకు కాదు, అవమానం.

పోతురాజు గోదాట్లో పట్టిన చేపను తెల్లవారేసరికి గంపకెత్తి, ఆవిడను టీవీఎస్ మీద తెచ్చి మా పేటలో దింపి పోతాడు. నాలుగు వీధులూ తిరిగి సగం అమ్ముతుంది. మిగిలిన సగం రాజానగరం దారిలో ఉన్న ఊళ్ళకు. ఒకప్పుడు గంప నెత్తిన పెట్టుకుని నడిచే వెళ్ళేది. ఇప్పుడు మోకాళ్ళు ఆ మాట ఎత్తనివ్వడం లేదు. ఆటోవాళ్ళు గంపను చూడగానే ముక్కు మూసుకుని హేండిలు తిప్పేస్తారు. ఇక ఉన్నది బస్సు. అది తప్పితే ఎండెక్కుతుంది, ఎండెక్కితే చేప పోతుంది, చేప పోతే ఆ రోజు పోతుంది.

ఒకనాడు కండక్టరు లోకనాథ్ టికెట్లు కొడుతూ ఆవిడ పక్కన ఆగాడు.

"అచ్చాయమ్మత్తా, నీ స్టాపు ఎత్తేస్తారంట. కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు గారు, మనుషులు కనపడని స్టాపులన్నీ తీసేసి బస్సుని పెద్దరోడ్డు మీదుగా పొమ్మంటున్నారు. ఈ నెలాఖరున తనే బస్సెక్కి చూస్తాడంట."

"మనుసులు కనపడకపోడమేటిరా? నేను మనిసిని కాదా?"

"నువ్వు కనపడతావు. మిగిలినోళ్ళు కొట్టు చూరు కింద ఒకళ్ళు, చెట్టు నీడన ఒకళ్ళు. స్టాపులో ఉన్నదెవరు? ఫ్లెక్సీలో ఉన్నాయన. ఆయన బస్సెక్కడు కదా!"

బస్సులో అందరూ నవ్వారు. అచ్చాయమ్మ నవ్వలేదు. మర్నాడు నేరుగా శ్రీనివాసరాజు గారింటికి వెళ్ళింది.

శ్రీనివాసరాజు గారి మర్యాద గురించి తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. వాళ్ళది భీమవరం వైపు. చెరువులన్నీ అక్కడే, పెత్తనమంతా ఫోన్లో. ఇల్లు మాత్రం ఇక్కడ, బస్టాపుకు నాలుగిళ్ళ అవతల, పెద్ద గేటు, పొడుగాటి వరండా. ఆయన చంటిపిల్లల్ని కూడా "అండీ" అంటారు. గ్యాస్ బండ తెచ్చినవాణ్ణి భోంచేశారా అని అడుగుతారు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చిన మనిషి ఒకసారి గారెలూ పెరుగావడలూ తిని, అరగంట కునుకు తీసి, మీటరు సంగతి మరిచిపోయి వెళ్ళాడు.

"రండి అచ్చాయమ్మ గారూ, రండి! ఏం తెచ్చారు ఈవేళ?" అన్నారాయన.

"జెల్లలండి. ఈయేళ చేప కోసం రాలేదండి. పెద్ద బాబుగారి ఊసు మాటాడదామని వచ్చేనండి. ఆరి స్టాపు ఎత్తేత్తారంటండి."

"మా నాన్నగారి పేరుండగానా? ఎవరండీ ఎత్తేసేది?"

"పేరుందండి. కప్పే లేదండి. కూకోడానికి బల్ల లేదండి. తవరు ఆ రేకులేయించి, బల్ల పెట్టించేరంటే జనం అక్కడే ఉంటారండి. జనం ఉంటే స్టాపుంటదండి."

"దానికేముందండీ! చూద్దాం. చేయిద్దాం."

మా డెల్టాలో "లేదు" అన్న మాటను మొహం మీద అనడం అప్రతిష్ఠ. దాని బదులు "చూద్దామండి" అంటారు. డబ్బడిగితే "అయ్యో, నిన్న అడిగారు కారు" అంటారు. విన్నవాడు సంగతి గ్రహించి, సంతోషంగా దండం పెట్టి పోవాలి. అచ్చాయమ్మ గ్రహించింది. కాని పోలేదు, అక్కడే నిలబడింది. ఎదురుగా మనిషి కదలకుండా నిలబడితే రాజు గారికి ఇంకా ఏదో ఒక మర్యాద మాట అనకపోతే తోచదు.

"అంతవరకూ మీరు ఎండలో నిలబడ్డమేంటండీ? మన ఇల్లు లేదా? చక్కగా వచ్చి వరండాలో కూర్చోండి. మీరే కాదు, బస్సుకొచ్చిన వాళ్ళెవరైనా సరే. మా నాన్నగారి స్టాపుకొచ్చినవాళ్ళు ఎండలో నిలబడితే నాకు నామోషీ కాదూ?"

ఇదీ మాటవరసే. దీనికి జవాబు కూడా ఎప్పుడో స్థిరపడిపోయింది: "అంత మాటన్నారు, అదే పదివేలండి." గోదావరికి ఇటూ అటూ ఎవరిని లేపి అడిగినా ఈ జవాబే చెబుతారు. అచ్చాయమ్మ మాత్రం గంప సర్దుకుని, "ఆయ్, అలాగేనండి" అంది.

మర్నాడు పొద్దున్న రాజు గారి గేటు ముందు ఒక చిన్న ఊరేగింపు ఆగింది. ముందు అచ్చాయమ్మ, వెనక త్రిమూర్తులు గారు, ప్రైవేటు స్కూలు టీచరు ప్రసన్నకుమారి, బ్యాగులు తగిలించుకున్న ఇంజనీరింగు పిల్లలు కొందరు, ఎక్కడికి వెళ్తున్నానో ఇంకా నిర్ణయించుకోని నేను. గేటు తీసిన రాజు గారి భార్య జానకీదేవి గారు నిలువునా చూశారు.

"ఏ ఊరినించండీ? పెళ్ళి పిలుపులకా?"

"బస్సుకండి అమ్మగారు. బాబుగారు రమ్మన్నారండి."

లోపల పేపరు చదువుకుంటున్న రాజు గారు తలెత్తారు. ఆయన మనసు ఏదో అనబోయింది. నోరు మాత్రం, పుట్టిన దగ్గర్నుంచీ ఉన్న అలవాటు కొద్దీ, "రండి, రండి, కూర్చోండి! జానకీ, కాఫీలండీ!" అనేసింది. గంపను కారు పక్క నీడలో పెట్టారు. ఐదు నిమిషాల్లో వీధి పిల్లులన్నీ వచ్చి కారు చుట్టూ కూర్చున్నాయి. అవీ బస్సుకే వచ్చినట్టున్నాయి.

మూడు రోజులయ్యేసరికి సంగతి పేటంతా పాకింది. రాజు గారింట్లో బస్సు కోసం కూర్చోవచ్చట, కాఫీ ఇస్తారట! అంతకు ముందు బైకు మీద వెళ్ళేవాళ్ళు కూడా కొందరు బస్సు మంచిదని తేల్చుకున్నారు. పాలు చాలక జానకీదేవి గారు కాఫీ ఆపి, మజ్జిగ మొదలుపెట్టారు. దబ్బాకు నలిపి వేసి, అల్లం దంచి కలిపిన మజ్జిగ. నేను దేశంలో చాలా చోట్ల చాలా మజ్జిగలు తాగాను. వాటి గురించి ఇక రాయను.

రాజు గారు ఒకరోజు భార్యను వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి, "ఇదెన్నాళ్ళండీ?" అన్నారు. భార్యను కూడా అండీ అంటారని చెప్పానో లేదో.

"మీరే కదండీ పిలిచారు. పొమ్మని మీరే చెప్పండి."

"నేనా? ఎలా చెబుతానండీ?"

"మరి నేనెలా చెబుతాను? అయినా నాకేం బరువుగా లేదు. ప్రసన్నకుమారి స్కూల్లో కరస్పాండెంటు గారి తమ్ముడు ఏం చేశాడో రేపు చెబుతానంది. మీరు మీ చెరువులతో ఫోన్లో మాట్లాడుకోండి."

ఇక బస్సు. లోకనాథ్ మొదటిరోజు ఖాళీ స్టాపు చూసి, అత్త ఏమైందా అని తల బయటపెడితే వరండా నిండా జనం కనపడ్డారు. విజిలేశాడు. డ్రైవరు చిట్టియ్య గేటు ముందు ఆపాడు. కిటికీలోంచి గ్లాసు లోపలికి వెళ్ళింది, ఖాళీగా బయటికి వచ్చింది. ఆ రోజునుంచి బస్సు వేళకంటే ముందే రావడం మొదలుపెట్టింది. తర్వాత్తర్వాత బస్సులో ఉన్నవాళ్ళు కూడా చేతులు చాచారు. లోకనాథ్ కేక మారింది.

"మజ్జిగ స్టాపో! దిగేవాళ్ళు దిగండి, తాగేవాళ్ళు తాగండి, గ్లాసులు మాత్రం ఇచ్చెయ్యండి!"

ఈ కేక వెనక అచ్చాయమ్మ చెయ్యి ఉందని నా అనుమానం. అడిగితే, "నాకేటి తెలుసండి, చేపలమ్ముకునేదాన్ని" అంది. ఆ వినయం చూసి అనుమానం రూఢి అయింది.

ఒక సాయంత్రం రాజు గారు గేటు దగ్గర నిలబడి ఉండగా, ఎవరో కొత్త మనిషి సంచి పుచ్చుకుని వచ్చాడు.

"ఏవండీ, మజ్జిగ స్టాపు ఇదేనా అండి?"

"ఇది మాధవరాజు గారి స్టాపండీ," అన్నారు రాజు గారు, గొంతు కాస్త బిగించి.

"ఆయనెవరో నాకు తెలీదండి. నాకు మజ్జిగ స్టాపు కావాలి. అక్కడికి మా బావమరిది వస్తానన్నాడు."

ఆ రాత్రి రాజు గారు భోజనం సరిగ్గా చేయలేదట. పంక్తిలో వెయ్యిమందికి కొసరి కొసరి వడ్డించిన తండ్రి పేరు, సొంత ఇంటి మజ్జిగలో కొట్టుకుపోయింది! మర్నాడు అచ్చాయమ్మ రాగానే అడిగేశారు.

"ఇదేం బాగుందండీ, అచ్చాయమ్మ గారూ? మా నాన్నగారి పేరు తీసేసి మజ్జిగేంటండీ?"

"మేం తీయలేదండి. పేరు రాతి మీద ఉందండి, ఆ రాయి కనపడితేనే కదండి పిలిచేది. తవరొకసారి ఎల్లి సూడండి, దాని మీద ఏటుందో. నా నోటితో చెప్పకూడదండి."

రాజు గారు చెప్పులేసుకుని వెళ్ళారు. మేమూ కాస్త దూరంగా వెనకే వెళ్ళాం, ఇలాంటివి వదులుకోకూడదు కదా. ఫ్లెక్సీ పక్కకు లాగితే పలక కనపడింది. పైన "కీర్తిశేషులు మాధవరాజు గారి జ్ఞాపకార్థం" అని ఉంది. కింద కొడుకు పేరు ఉండవలసిన చోట ఎవరో కాగితం అంటించారు: "మొలలకు శాశ్వత చికిత్స. ఆపరేషన్ లేకుండా." రెండూ కలిపి చదివితే ఆ మహానుభావుడు పోయిన కారణం చెప్పినట్టుంది. రాజు గారు కారు తాళంచెవితో ఆ కాగితం గీకుతూ చాలాసేపు నిలబడ్డారు. మేమెవరమూ నవ్వలేదు. త్రిమూర్తులు గారికి మాత్రం దగ్గు వచ్చింది.

మర్నాడే తాపీమేస్త్రీ దిగాడు. ఒరిగిన స్తంభం తీసేశారు, కొత్త కప్పు పడింది, నేలకు టైల్సు పడ్డాయి. రాజులు పని మొదలుపెడితే చిన్నగా చేయరు. దానితోనే చిక్కు వచ్చింది. బెంచీ కట్టవలసిన చోట మధ్యలో తండ్రి గారి నిలువెత్తు విగ్రహం పెట్టిస్తానన్నారు. నమూనా ఫోన్లో అందరికీ చూపించారు. విగ్రహానికి పోగా మిగిలిన బెంచీ అటూ ఇటూ పిల్లి కూర్చోవడానికి సరిపోతుంది. ఫోను చూసి అచ్చాయమ్మ రెండు చేతులూ జోడించింది.

"పెద్ద బాబుగారు బతికొచ్చినట్టే ఉన్నారండి! పెట్టించండి బాబూ, పెట్టించాలి. మేం మటుకు నిలబడతాంలెండి."

"నిలబడ్డమెందుకండీ? బెంచీ ఉంటుంది కదా!"

"ఎంత మాటండి! పెద్ద బాబుగారు నిలబడుంటే ఆరి ముందు మేం కూకుంటామా అండి? ఆరు బతికుండగా ఎవరైనా కూకున్నారా అండి? తవరు కూకున్నారా?"

రాజు గారు ఆలోచనలో పడ్డారు. నిజమే, తండ్రి ఎదుట తనెప్పుడూ కూర్చోలేదు. ఇప్పుడు విగ్రహం ముందు పేటవాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చుంటే చూడగలరా? పోనీ అందరూ నిలబడితే, షెల్టరు కట్టించి జనాన్ని నిలబెట్టాడన్న మాట రాదా? మర్యాద అటూ లాగింది, ఇటూ లాగింది. చివరికి విగ్రహం బదులు పలకనే పెద్దది చేయించి, ఎవరి చెయ్యీ, జిగురూ అందనంత పైన పెట్టించారు. బెంచీ ఈ చివర్నుంచి ఆ చివరకు సాగింది.

సిమెంటు ఆరిన మర్నాడే సూపర్‌వైజరు వచ్చే రోజయింది. పొద్దున్నే అందరం కొత్త బెంచీ మీద పెళ్ళివారిలా కూర్చున్నాం. ఫ్లెక్సీ పెట్టడానికి వచ్చిన ఇద్దరిని జానకీదేవి గారు గేటు దగ్గరే పట్టుకుని, మజ్జిగ పోసి, ఎదుటి గోడ చూపించి పంపేశారు.

మలుపులో బస్సు కనపడింది. ముందు సీట్లో ఇస్త్రీ చొక్కా మనిషి. ప్రసన్నకుమారి చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. బస్సు వచ్చింది, మా ముందునుంచే వెళ్ళింది, వెళ్ళి రాజు గారి గేటు ముందు ఆగింది. చిట్టియ్యకు చెయ్యి స్టీరింగు మీద ఉన్నా, నాలుక మజ్జిగ మీద ఉంది.

బెంచీ మీద కలకలం. త్రిమూర్తులు గారు లేచి పరిగెత్తబోయారు. అచ్చాయమ్మ ఆయన చొక్కా అంచు పట్టి లాగింది.

"కూకోండి! ఎవరూ కదలకండి."

"బస్సెళ్ళిపోతుందమ్మా! నా ఫస్టు పీరియడు పోతుంది!" అంది ప్రసన్నకుమారి.

"ఒక్క పీరియడు పోతే మీ పిల్లలు సంతోషిత్తారు. ఇప్పుడు మనం పరిగెత్తితే ఆ బాబు ఏటి చూత్తాడు? ఈ స్టాపులో ఎవరూ లేరనే కదా! కూకోండి."

బస్సు హారను కొట్టింది. ఎవరూ కదలలేదు. అచ్చాయమ్మ గంపలో పోయినవారం కంటే పెద్ద చేపలున్నాయి, ఐసు కరిగి నీళ్ళు టైల్సు మీద పాకుతున్నాయి. బస్సు వెళ్ళిపోతే వాటి సంగతి ఏమవుతుందో ఆవిడకు మా అందరికంటే బాగా తెలుసు. గంప అంచు గట్టిగా పట్టుకుంది గాని లేవలేదు. మళ్ళీ హారను.

గేటు దగ్గర జానకీదేవి గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. చిట్టియ్య ఆశగా చూశాడు.

"నన్ను చూస్తారేంటండీ? నేనెక్కడికీ వెళ్ళను. వెళ్ళేవాళ్ళు అక్కడ స్టాపులో ఉన్నారు," అన్నారావిడ.

సూపర్‌వైజరు కిటికీలోంచి వెనక్కు చూశాడు. కొత్త షెల్టరు, కింద నిండుగా జనం, అందరూ తననే చూస్తున్నారు. తర్వాత చిట్టియ్యను చూశాడు.

"స్టాపు అక్కడుంటే నువ్వు ఇక్కడెందుకు ఆపావయ్యా?"

చిట్టియ్య మజ్జిగ అని ఎలా చెబుతాడు? రివర్సు గేరు వేశాడు. లోకనాథ్ దిగి వెనక నిలబడి, "రానీ, రానీ, రానీ" అని బస్సు వీపు తట్టాడు. ఆటోలు ఆగిపోయాయి, పిల్లులు పక్కకు తప్పుకున్నాయి. ఊళ్ళు తిరిగి ఇంతవాణ్ణయ్యాను గాని, మనుషుల కోసం వెనక్కు నడిచిన బస్సును అదే మొదటిసారి చూడడం. వచ్చి వచ్చి అచ్చాయమ్మ మోకాళ్ళ ముందు ఆగింది.

అప్పుడు లేచింది ఆవిడ. చుట్టకుదురు నెత్తిన పెట్టుకుంది. గంప ఎత్తుకోవడానికి రెండో చెయ్యి కావాలి. త్రిమూర్తులు గారు వంగుతుంటే ఆయన్ను దాటి, మెట్టు మీదికి వచ్చి నిలబడ్డ ఇస్త్రీ చొక్కాను చూసింది.

"బాబూ, తవరేనాండి సూపరవైజరు గారు? గంపకి ఓ చెయ్యేద్దురూ, మోకాళ్ళు సహకరించవండి."

ఆయన అటూ ఇటూ చూశాడు. అప్పటికే రాజు గారు కూడా వచ్చి, "పట్టండి, పట్టండి, అయ్యో, మీకెందుకండీ శ్రమ, పట్టండి!" అంటున్నారు. ఆ గొంతుకు ఎవరైనా ఏదైనా పట్టుకోవలసిందే. ఆయన వంగి పట్టుకున్నాడు. ఐసునీళ్ళు మోచేతి మీదుగా ఇస్త్రీ మడతల్లోకి దారి చేసుకున్నాయి.

"స్టాపుంటదాండి మరి?" అంది అచ్చాయమ్మ, గంప కింద నుంచి.

"ఉంటుందిలేమ్మా, ఉంటుంది. ముందు ఎక్కు."

ఆవిడ ఎక్కలేదు. ప్రసన్నకుమారిని ఎక్కనిచ్చింది, పిల్లల్ని ఎక్కనిచ్చింది, త్రిమూర్తులు గార్నీ నన్నూ ఎక్కనిచ్చింది. ఆఖరున తను ఎక్కి, గంపను సూపర్‌వైజరు గారి సీటు పక్కనే దింపింది. బస్సు కదిలేవరకూ ఆయన జేబురుమాలుతో చెయ్యి తుడుచుకుంటూనే ఉన్నాడు. తర్వాత ఆ రుమాలే ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి అది తీసి, మెల్లగా గంప మీది గోనెపట్టా ఎత్తి చూశాడు.

"ఇవి కొయ్యింగ చేపలేనా?"

"గోదాట్లోయండి. పొద్దున్నే పట్టినవి. ఎన్నిమ్మంటారు?"